కాలిన చోటు

మా పిన్నిని పనిచేసే చోట అందరూ తెల్లదారం అనేవారు. వెక్కిరింతగా పెట్టిన పేరే, కానీ వాడగా వాడగా అందులోని వెక్కిరింత అరిగిపోయింది. స్టేషన్ ఎదురుగా ఉండే పాత పెద్ద హోటల్లో, మెట్ల కింది బట్టల గదిలో, చిరిగిన దుప్పట్లకూ టేబుల్ క్లాతులకూ రఫ్ఫు చేయడం ఆవిడ ఉద్యోగం. రఫ్ఫు అంటే అతుకు వేయడం అనుకునేవాళ్ళను చూస్తే ఆవిడకు ఒళ్ళు మండేది. చేతిలో సూదీ ఇంట్లో దరిద్రమూ ఉంటే అతుకు ఎవరైనా వేస్తారు అనేది. రఫ్ఫు అంటే చిల్లు పడినంత మేరా బట్టను సూదితో మళ్ళీ నేయడం. పడుగు పోగులు ఒక్కొక్కటే పరిచి, వాటి కిందా మీదా పేక పోగు నడిపి, చుట్టూ ఉన్న బట్టలో కలిపేయడం. దానికి బజారు దారం పనికిరాదు. అదే గుడ్డ అంచు మడతలోంచి పోగులు లాగి వాడాలి. కొత్త దారం వేస్తే నాలుగు ఉతుకులకే దాని తెలుపు వేరు, గుడ్డ తెలుపు వేరు అయిపోయి దొంగ దొరికిపోతాడు.

రఫ్ఫు చేసిన ప్రతి గుడ్డనూ సూపర్‌వైజర్ కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి వెతికేవాడు. కుట్టిన చోటు దొరికితే గుడ్డ వెనక్కొచ్చేది, దాంతోపాటు నాలుగు మాటలూ వచ్చేవి. దొరక్కపోతే ఏమీ అనకుండా మడతపెట్టి అలమరలో పెట్టేసేవాడు. అంటే ఆ ఉద్యోగంలో మా పిన్నికి దక్కిన మెప్పల్లా, ఎవరూ ఏమీ అనకపోవడమే. దానికే మురిసిపోతూ ఆవిడ కళ్ళు అక్కడ పారేసుకుంది.

అదే హోటల్ ఇస్త్రీ గదిలో ఒక మాటకారి ఉండేవాడు. చెయ్యి కంటే నోరు ఎక్కువ ఆడేది. ఆయనే తర్వాత మా బాబాయి అయ్యాడు. పెద్ద విందు ఉందనగా, హాలు మధ్య బల్ల మీద పరిచే టేబుల్ క్లాత్ ఆయన దగ్గరికి ఇస్త్రీకి వచ్చింది. మంచి నారబట్ట, నేతలోనే తెలుపు మీద తెలుపు పువ్వులు, ఒక మూల హోటల్ ముద్ర. అలాంటిది హోటల్ మొత్తానికి అదొక్కటే. ఈయన పక్కవాడితో కబుర్లలో పడి వేడి ఇస్త్రీపెట్టెను దాని మీద అలాగే వదిలేశాడు. ముక్కు ఆనిన చోట బొటనవేలంత మేర నల్లగా మాడిపోయింది. పైవాళ్ళ కంటపడితే ఉద్యోగం ఊడినట్టే. గుడ్డను చుట్టి చంకలో పెట్టుకుని బట్టల గదికి పరిగెత్తాడు.

మా పిన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. మాడినంత మేరా కత్తిరించి పారేసి, అంచులోంచి పోగులు లాగి, పొద్దున కిటికీ పక్క స్టూలు మీద కూర్చున్న మనిషి చీకటి పడేదాకా లేవలేదట. ఆ చిల్లు ఒక పువ్వు మీద పడింది. రెక్క దగ్గర రెక్కా కాడ దగ్గర కాడా కలుస్తూ నేతలోని పువ్వు మళ్ళీ పూర్తికావాలి. మర్నాడు సూపర్‌వైజర్ కిటికీకి ఎత్తి చూశాడు, ఏమీ అనకుండా మడతపెట్టాడు. విందు జరిగిపోయింది. ఏడాది తిరక్కుండా వాళ్ళిద్దరి పెళ్ళీ జరిగిపోయింది.

ఇక్కడిదాకా వింటే ముచ్చటగానే ఉంటుంది. ముచ్చట ఇక్కడితో సరి.

పెళ్ళయిన కొత్తలో బాబాయి ఆ సంగతి నలుగురికీ చెప్పుకుని నవ్వేవాడట. పోనుపోను చెప్పడం మానేశాడు. ఆ తర్వాత అసలు జరగనే లేదనడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఏ గొడవ వచ్చినా చివరికి ఆ గుడ్డ దగ్గరికే చేరేది.

"ఆ రోజు నేను లేకపోతే నీ బతుకు వీధిలో ఉండేదయ్యా," అనేది పిన్ని.

"ఏ రోజు?"

"గుడ్డ కాల్చిన రోజు."

"నేనెక్కడ కాల్చాను? ఏదీ, చూపించు చూద్దాం."

పిన్ని చూపించేది కాదు. చూపిస్తే అక్కడ కుట్టినట్టు తెలిసిపోతుంది. తెలిసిపోయే రఫ్ఫు రఫ్ఫే కాదని ఆవిడ పట్టుదల. ఆ పట్టుదలే బాబాయికి ఆయుధం. పనితనం ఎంత గొప్పదైతే తన తప్పు అంత మాయమైపోతుందని కనిపెట్టాడాయన. మొదట్లో ఉడికించడానికే అనేవాడు, పోనుపోను తనే నమ్మేశాడని నా అనుమానం. పిన్ని ఎదురుచెప్పలేక వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద కసి తీర్చుకునేది.

హోటల్ మూతపడినప్పుడు పనివాళ్ళకు తలా ఒక మూట పాత బట్టలు ఇచ్చి పంపేశారు. పిన్ని మిగతావన్నీ ఇతరులకు వదిలేసి ఆ టేబుల్ క్లాత్ ఉన్న మూట పట్టుకొచ్చింది. మా అమ్మ పెద్దది, పిన్ని చిన్నది, రెండిళ్ళూ ఒకే వీధిలో. సెలవు రోజుల్లో పిన్ని ఆ గుడ్డను మంచం మీద పరిచి, నన్నూ తన కూతురినీ కూర్చోబెట్టి పందెం కాసేది.

"కాలిన చోటు పట్టుకున్నవాళ్ళకి నా చెవి దుద్దులు ఇచ్చేస్తా."

మేం కళ్ళల్లో వత్తులు వేసుకుని వెతికేవాళ్ళం. నాలుక ఆనించి చూసేవాళ్ళం, ఒకసారి చెల్లి వాసన కూడా చూసింది. పిన్ని ఎప్పుడూ ముద్ర ఉన్న మూల దగ్గరే కూర్చుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఆ మనిషి అలా నవ్వడం నేను ఇంకెక్కడా చూడలేదు. దుద్దులు ఆవిడ చెవులకే ఉండిపోయాయి.

బాబాయి పోయే ముందు కూడా ఒప్పుకోలేదు. ఆస్పత్రి మంచం మీద, మాట సగం పడిపోయి ఉండగా, "ఇప్పుడైనా చెప్పవయ్యా, కాల్చావా లేదా," అని పిన్ని అడిగింది. ఆయన చెయ్యి గాల్లోకి లేపి, వేళ్ళు తిప్పి, ఏదీ అన్నట్టు చూపించాడు. అది హాస్యమో మొండితనమో నాకు ఇప్పటికీ తెలియదు. పిన్ని మాత్రం ఆయన పోయినందుకు కంటే ఆ చెయ్యి తిప్పినందుకు ఎక్కువ ఏడ్చింది.

తర్వాత మా ముగ్గురికీ ఒకే చోట పని దొరికింది. మందుల షాపు పైన మేడ మీద ఒక మేడమ్ అలంకరణల షాపు పెట్టింది. పాత దుప్పట్లు, లేసు అల్లిన గలీబులు, రంగు వెలిసిన కర్టెన్లు, ఎవరి అమ్మమ్మవో చేతిరుమాళ్ళు ఇళ్ళిళ్ళూ తిరిగి కొనుక్కొచ్చి, వాటిని కోసి కలిపి ఇళ్ళకు కుషన్ కవర్లూ దీపాల గొడుగులూ, పెళ్ళిళ్ళకు వధూవరుల వెనక తెరలూ బల్లల మీద పరిచే పట్టీలూ చేయించేది. నేను మిషన్ మీద కుట్టేదాన్ని. చెల్లిది వచ్చినవాళ్ళతో మాట్లాడే పని, ఆ విషయంలో తండ్రి నోరే వచ్చింది దానికి. పిన్నిని రఫ్ఫు కోసం పెట్టుకున్నారు.

మొదటి వారమే గొడవ. చిరుగుల దుప్పటి ఒకటి పిన్ని చేతికిస్తే, ఎక్కడా చిరుగనేది లేకుండా తిరిగొచ్చింది. మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి మొహం ముడుచుకుంది.

"ఏంటండీ ఇది, కొత్తదానిలా ఉంది?"

"బాగుచేయమన్నారు కదమ్మా."

"బాగుచేయాలి, కానీ బాగుచేసినట్టు కనపడాలి. మనవాళ్ళు డబ్బులిచ్చేది ఆ పాతదనానికే కదండీ. ఎర్రదారంతో వేయండి. లావుగా, దూరం నుంచి కూడా తెలిసేలా."

ఎవరి మూటలోంచి కొన్నారో గానీ, హోటల్ బట్టలు కూడా మా షాపుకు చాలా వచ్చాయి. వాటినిండా పిన్ని చేసిన రఫ్ఫులే. వాటినీ విప్పి ఎర్రదారంతో మళ్ళీ వేయాలన్నారు. తమాషా ఏమిటంటే అవి ఎక్కడున్నాయో ఆవిడ తప్ప ఇంకెవరూ పట్టుకోలేరు. కళ్ళల్లో పొరలకు ఆపరేషన్ అయినా సన్న పోగు పట్టే చూపు తిరిగి రాలేదు. అందుకని గుడ్డ మీద అరచెయ్యి వేసి మెల్లగా జరిపేది. ఒక చోట ఆగేది. "ఇదిగో," అనేది. బ్లేడుతో విప్పేసేది. వయసులో ఉండగా రోజుల తరబడి కూర్చుని చేసింది, విప్పడానికి తుమ్మినంతసేపు కూడా పట్టేది కాదు. మళ్ళీ అలా చేసే చూపు తనకు లేదని ఆవిడకు తెలుసు. విప్పినంత మేరా పోయినట్టే. అయినా తలొంచుకుని విప్పింది. కూతురు కూడా అక్కడే పనిచేస్తోంది, దాని పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, పేచీ పెట్టుకునే సమయం కాదు అనుకుంది. నాకు మాత్రం చూస్తుంటే కడుపు మండేది.

చెల్లికి సంబంధం కుదిరింది. అబ్బాయి మంచివాడు. వాళ్ళింట్లో అందరూ మాస్టార్లూ లెక్చరర్లూ. తన తల్లి హోటల్లో దుప్పట్లు కుట్టేదని చెప్పడానికి చెల్లికి నోరు రాలేదు. "మా అమ్మ పాత నేతల కళాకారిణి," అని చెప్పింది. విని పిన్ని, "ఆవిడెవరే, నాకు కూడా పరిచయం చెయ్యి," అంది.

పెళ్ళి హాలు అలంకరణ అంతా మేడమ్ తన ఖర్చు మీద చేస్తానంది. ఊరికే కాదు, ఫొటోలు షాపుకు పనికొస్తాయి. పిన్ని ఆ హాలు గురించి గానీ, విందు గురించి గానీ, చీరల గురించి గానీ ఒక్క కోరికా కోరలేదు. ట్రంకు పెట్టెలోంచి ఆ టేబుల్ క్లాత్ తీసి కూతురి ఒళ్ళో పెట్టింది.

"మీరిద్దరూ కూర్చునే బల్ల మీద ఇది పరవండి. ఉన్నది ఉన్నట్టు. దీని మీద ఒక్క రంగు పోగు పడకూడదు. నాకు అంతే చాలు."

చెల్లి సరేనంది. మేడమ్ కూడా సరేనంది. గుడ్డను ఆవిరి ఉతుకుకు పంపించింది. తిరిగొచ్చాక, పెళ్ళి బల్ల మీద ఎవరిదో హోటల్ ముద్ర ఏం బాగుంటుందని, నాలుగు అంచులూ కోయించేసి చుట్టూ పాత లేసు వేయించింది. పిన్ని మర్నాడు వచ్చి గుడ్డ మడత విప్పి, అంచు వెంట చెయ్యి పోనిచ్చి, ఆగిపోయింది.

"ముద్ర ఉన్న మూల ఏదీ?"

"తీసేశాంగా అండీ. లేసు వేశాక ఎంత నిండుగా ఉందో చూడండి."

"తీసిన ముక్క ఏదీ?"

ముక్కలు కుషన్లలో కూరే పీలికల సంచిలోకి వెళ్ళాయి. పిన్ని ఆ సంచి దగ్గర నేల మీద చతికిలబడి, మోచేతుల దాకా చేతులు దూర్చి చాలాసేపు దేవింది. అందులో సగం అప్పటికే దిండ్లలోకి వెళ్ళిపోయింది. హోటల్ మీద మమకారం కాబోలు అనుకున్నాను నేను. "పోనీలే పిన్నీ, వాళ్ళ ముద్రే కదా," అంటే, నా వైపు చూసి ఏదో చెప్పబోయి మానుకుంది.

పెళ్ళి దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం చెల్లి ఆ గుడ్డ పట్టుకుని తల్లి పక్కన వచ్చి కూర్చుంది. మాట మెత్తగానే మొదలుపెట్టింది.

"అమ్మా, ఆ కాలిన చోటు చూపించవే. అక్కడ ఒక్కచోట ఎర్రదారంతో వేద్దాం. నాన్న కాల్చాడు, నువ్వు నేశావు, అందుకే మీ పెళ్ళయింది, అందుకే నేనున్నాను. అందరికీ మైకులో చెబుతారు మేడమ్."

"ఒక్క పోగు పడకూడదన్నానా లేదా?"

"కనపడకపోతే నువ్వు చేసినట్టు ఎవరికి తెలుస్తుంది?"

"తెలియకుండా ఉండడానికే చేశానే అది!"

"అదే అమ్మా నీతో వచ్చింది. రేపు మా అత్తగారు అడుగుతుంది, మీ అమ్మ పనితనం ఏదీ అని. ఏం చూపించను? ఉత్త తెల్లగుడ్డ చూపించి ఇదే అననా?"

చెల్లి మెత్తదనం అయిపోయింది.

"నాన్న కూడా చూపించమనే అడిగాడు. బతికినన్నాళ్ళూ అడిగాడు. చూపించలేదు నువ్వు. నాకూ ఒక్కోసారి అనిపిస్తుంది అమ్మా, అసలు ఉందా అని."

నేను మిషన్ ఆపేశాను. పక్కన గుండీలు కుట్టే ఆవిడ కూడా చెయ్యి ఆపింది. ఆ మాట మొగుడు అన్నప్పుడు గిన్నెల మీద చూపించడానికి పిన్నికి కనీసం కోపం ఉండేది. కూతురు అంటే ఏం చేస్తుంది? గుడ్డను కత్తిరింపుల బల్ల మీద పూర్తిగా పరిచింది. అరచెయ్యి ఆనించి ఒక చివర నుంచి జరపడం మొదలుపెట్టింది. చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. అలా ఆ గుడ్డంతా తడిమింది. అంతసేపు ఎందుకు పడుతోందో మాకెవరికీ అర్థం కాలేదు, మనసు ఒప్పక తటపటాయిస్తోంది అనుకున్నాం. చివరికి ఒక పువ్వు మీద వేలు ఆపింది.

"ఇదిగో."

చెల్లి బ్లేడు తీయబోతే ఆపి, తనే చేతిలోకి తీసుకుంది. బొటనవేలంత మేర విప్పి, ఎర్రదారం ఎక్కించి, లావుగా, దూరం నుంచి తెలిసేలా, మేడమ్‌కు నచ్చేలా నేసింది.

నేను దగ్గరే నిలబడి చూశాను. రఫ్ఫు విప్పితే పోగులు మలుపు తిరిగిన చోట చిన్న చిన్న ఉంగరాలు వస్తాయి. ఉతుకులో గుడ్డ ముడుచుకుపోకుండా పిన్ని ఎప్పుడూ అలా వదులు వదిలేది. ఇక్కడ ఒక్కటీ రాలేదు. పోగులు సూటిగా తెగాయి. అది రఫ్ఫు కాదు, మగ్గం మీద నేసిన అసలు బట్ట. ఈవిడ వేరే చోటు చూపించి బాగున్న గుడ్డను కోసిందని నాకు తెలిసిపోయింది. లోపల్లోపల ఎగిరి గంతేశాను. శభాష్ తెల్లదారం, అందరి నెత్తినా టోపీ పెట్టావు అనుకున్నాను.

పెళ్ళి బాగానే జరిగింది. బల్ల మీద తెల్లగుడ్డ, మధ్యకు కాస్త పక్కగా ఎర్రటి మచ్చ. మేడమ్ మైకు పట్టుకుని కథ చెప్పింది, జరిగినదాని కంటే బాగా చెప్పింది. ఫొటోల వాళ్ళు దంపతుల కంటే ఆ మచ్చ మీదికే ఎక్కువసార్లు వంగారు. చెల్లి అత్తగారు దాన్ని వేలితో తడిమి, కళ్ళు ఒత్తుకుని, "ఎంత చక్కగా కనపడుతోందండీ మీ పని," అంది. పిన్ని ఏడవలేక నవ్వింది. అక్కడున్న వాళ్ళలో దాని అర్థం నాకొక్కదానికే తెలుసని నేను మహా గర్వంగా తిరిగాను.

పెళ్ళయ్యాక చెల్లి ఆ గుడ్డను షాపుకే ఇచ్చేసింది. అలంకరణ ఊరికే చేశారు కదా, ఆ మాత్రం ఇవ్వకపోతే బాగుండదంది. కొన్ని పెళ్ళిళ్ళకు అద్దెకు తిరిగింది. ఒక చోట కూర పడింది, ఇంకో చోట ఎవరి చెప్పో మడమ తగిలి చిరిగింది. ఇక బల్లకు పనికిరాదని, కుషన్ కవర్లు కోయమని మేడమ్ దాన్ని నా బల్ల మీద పడేసింది.

కోసే ముందు పిన్ని ఇంటికి వెళ్ళాను. ఆవిడ అప్పటికి పని మానేసి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంటోంది. రేడియో పెట్టి ఉంది, వింటున్నట్టు లేదు.

"పిన్నీ, ఆ గుడ్డ రేపు కోసేస్తున్నాం. అసలు చోటు ఎక్కడో నాకు చెప్పు. ఆ ముక్క పక్కన పెట్టి తెచ్చి నీకిస్తాను."

"అసలు చోటేంటి?"

"నాకు తెలుసులే. పెళ్ళప్పుడు నువ్వు విప్పింది రఫ్ఫు కాదు. ఉంగరాలు రాలేదు, చూశాను. అందరినీ బోల్తా కొట్టించి అసలుది భలే దాచేశావు."

పిన్ని నా వైపు తిరిగింది. నవ్వుతుందనుకున్నాను.

"దాచానని అనుకున్నావా?" అంది. "దాచలేదే. దొరకలేదు."

నాకు వెంటనే తలకెక్కలేదు.

"ముద్ర ఉన్న మూల నుంచి పువ్వులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళేదాన్ని. అదే నా గుర్తు. కళ్ళతో ఏనాడూ కనపడలేదు అది, చేసిన మర్నాడు కూడా. మూల కోసేశారు. వేళ్ళకి దొరుకుతుందేమోనని గుడ్డంతా తడిమాను. అంతా ఒక్కలాగే ఉంది."

"మరి ఇదిగో అన్నావు?"

"పిల్ల అసలు ఉందా అని అడిగింది కదే. ఏదో ఒకటి చూపించొద్దూ?"

చెవి దుద్దును వేళ్ళతో కాసేపు తిప్పుకుంది. తర్వాత ఆవిడ అన్న మాట నేను ఎవరితోనూ చెప్పలేదు, చెల్లితో కూడా.

"మీ బాబాయి అన్నదే నిజమేమోనే. అసలు కాలలేదేమో."

"నీకు మతి పోయిందా పిన్నీ? రోజంతా కూర్చుని చేశావు."

"అలాగే గుర్తు నాకు," అంది. "కానీ నా గుర్తు తప్ప ఇంకేం ఉంది?"

మర్నాడు గుడ్డను కుషన్ కవర్లకు కోశాను. ఎర్రమచ్చ ఉన్న ముక్కను మేడమ్ ముందే తీసుకుని, అద్దం వేయించి షాపులో తగిలించింది. మిగతా ముక్కలను కోసినకొద్దీ ఒక్కొక్కటిగా కిటికీకి ఎత్తిపట్టి చూశాను. చిన్నప్పుడు చూసినట్టే, ఇంకా ఎక్కువగానే చూశాను. ఏ ముక్కలోనూ ఏమీ కనపడలేదు. మడతపెట్టి మిషన్ పక్కన పెట్టేశాను.